లోహం అంచు దాటాక

ఇల్లు, కిటికీ పక్క బల్ల
జూన్ 9

పెన్సిలుకి,

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని నవ్వకు. ఎడమ కంట్లో రెటీనా ఊడితే అతికించారు కదా, ఆరు వారాలు కంప్యూటర్ వంక చూడొద్దన్నాడు డాక్టరు. ఫోన్ చేద్దామంటే నువ్వుండే ఆ పంపుల హోరులో నీకు సగం వినపడదు. పైగా నేను చెప్పేవి లెక్కలు, అవి నోటితో చెప్పుకునేవి కావు. అందుకే మీ అన్నయ్య చేత గీతల కాగితాలూ, మందంగా రాసే పెన్నూ తెప్పించాను. రోజుకి ఒక గంట రాయొచ్చట.

నువ్వు మా ఆయన చెల్లెలివై ఇరవై ఒక్క ఏళ్లయింది. ఇప్పటికీ నాకు నువ్వు ముడిలో పెన్సిలు పెట్టుకుని, దాని కోసం ల్యాబంతా వెతికే పిల్లవే. మన గైడు సారు పెట్టిన ఆ పేరు తప్ప ఇంకోటి నోటికి రాదు.

సంగతేమిటంటే, పాఠ్యపుస్తకం ఒకటి వేస్తున్నారు. లోహాల ఉపరితలాల మీద ఒక అధ్యాయం నన్ను రాయమన్నారు. మన పాత పరిశోధన పేపరులోని ఫలితాన్ని ఎత్తి అక్కడ పెడితే రెండు రోజుల పని. కానీ తెర లేదు, పెన్సిలూ కాగితమే దిక్కు, కాబట్టి మొదటి నుంచీ చేత్తో చేసుకుంటూ వచ్చాను. వచ్చి ఒక చోట ఆగిపోయాను.

నీకు తెలిసిందే అయినా చెప్తాను, చెప్తుంటే నాకే తేటపడుతుందేమోనని. లోహంలో ప్రతి ఎలక్ట్రాన్ చుట్టూ కాస్త ఖాళీ ఉంటుంది. తనలాంటి ఎలక్ట్రాన్లు దాని దగ్గరికి రావు, ఎడంగా జరుగుతాయి. ఆ ఖాళీయే దాన్ని పట్టి ఉంచుతుంది. మనం ఎక్స్ఛేంజ్ పొటెన్షియల్ అనే లాగుడు అదే. ఎలక్ట్రాన్ లోహం అంచు దాటి బయటికి పోతే ఖాళీ దాని వెంట రాదు, వెనకాలే ఉండిపోతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ లాగుడు ఎలా సన్నబడుతుందన్నదే మన పేపరు. దూరం రెట్టింపైతే లాగుడు సగమవుతుందనీ, దాని ముందుండే సంఖ్య సరిగ్గా ఒకటి అనీ, ఏ లోహమైనా అది మారదనీ చెప్పాం. నేను, నువ్వు, సారు. మూడు పేర్లు.

లెక్క వేసింది మాత్రం నువ్వు. అంతులేని లోహానికి వేయడం కుదరక, నలభై అణు పొరల పలక తీసుకుని వేశావు. నలభై చాలు, ఇంకా పేర్చినా ఏమీ మారదని రాశాం. ఇప్పుడు నాకు అనుమానంగా ఉంది. పలక ఎంత మందమైనా, ఎలక్ట్రాన్ అంతకంటే దూరం పోతే దానికి ఆ పలక ఒక కాగితంలాగే కనిపిస్తుంది. అసలైన లోహం ముందు అలా ఎప్పటికీ జరగదు. ఎంత దూరం పోయినా వెనక ఇంకా లోతు ఉంటుంది, ఖాళీ ఆ లోతులోకి పరుచుకుంటూ పోతుంది. అప్పుడు ఆ ఒకటి, ఒకటిగా మిగలదు.

నలభై దాటి ఎప్పుడైనా వేసి చూశావా? నీ నోటు పుస్తకాలు ఉన్నాయా? ఇది తేలకపోతే ఎవరింట్లోనూ దీపం ఆరిపోదు, నిజమే. కానీ నేను ఇన్నేళ్లూ చెప్పిన పాఠమంతా దాని మీదే నిలబడి ఉంది.

కన్ను లాగుతోంది. ఆపుతాను.

వదిన


పూత ఫ్యాక్టరీ, పరీక్షల గది
జూన్ 21

వదినకు,

ముందు కన్ను సంగతి చూసుకో. రోజుకి గంట అని డాక్టరు అంటే నువ్వు నాలుగు గంటలు రాసి ఉంటావు. నీ ఉత్తరం చివర్లో గీతలు దాటి అక్షరాలు కిందికి జారిపోయాయి, దాన్ని బట్టే తెలుస్తోంది. అన్నయ్య ఏం చేస్తున్నాడు? వాడికి ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం తప్ప ఇంట్లో ఎవరినీ దిద్దడం రాదు. నిన్ను వదినని చేసుకున్న పాపం నాదే కాబట్టి నేనే అరవాలి.

ఇక్కడ ఎప్పటిలాగే. హెడ్‌లైట్ల లోపల మెరిసే పళ్లెం ఉంటుంది చూడు, దాని మీద అల్యూమినియం పూత వేస్తాం. గాలి తీసేసిన పెద్ద డ్రమ్ములో తీగె వేడెక్కుతుంది, లోహం ఆవిరై పళ్లేల మీద కూర్చుంటుంది. నా పని అంతా అయిపోయాక. ప్రతి విడతలో మూడు పళ్లేలు తీసి, అంటుకునే టేపు అద్ది ఒక్క గుంజు గుంజుతాను. పూత టేపుతో ఊడి వస్తే ఆ విడత మొత్తం వెనక్కి. ఈ నెలలో తొమ్మిది విడతలు ఊడాయి. పంపు నూనె మార్చమని నేనంటాను, పళ్లేలు సరిగ్గా కడగడం లేదని పంపుల మేస్త్రీ అంటాడు, మధ్యలో మేనేజరు మా ఇద్దరినీ పిలిచి టీ ఇప్పించి పంపేస్తాడు. ఏదీ మారదు. మోకాళ్లు మాత్రం రోజూ ఒకేలా నొప్పి పెడుతున్నాయి.

నోటు పుస్తకాలు ఉన్నాయో లేదో చూడాలి. రెండు ఇళ్లు మారాం, పై అరల్లో ఏ అట్టపెట్టె ఎక్కడుందో ఆ పెట్టెకే తెలియదు. అయినా ఇరవై రెండేళ్ల కిందటి సంగతి. ఆ రోజుల్లో ఆ కంప్యూటరు మీద నలభై పొరలు వేయడానికే మూడు రోజులు పట్టేది. వదిలెయ్యి వదినా. అధ్యాయంలో అందరూ ఒప్పుకున్నదే రాయి. పుస్తకం చదివే పిల్లలకి అది చాలు.

పాప బాగానే ఉంది. హాస్టల్ నుంచి వారానికి ఒకసారి ఫోన్ చేస్తుంది, అదీ నేను షిఫ్టులో ఉండగా.

నీ మరదలు


ఇనిస్టిట్యూట్, నా గది
జూలై 6

పెన్సిలుకి,

నువ్వు 'లేదు' అని రాయలేదు. 'చూడాలి' అని రాశావు. నలభై పొరలకి పట్టిన రోజులు గుర్తున్న దానివి, నలభై దాటావో లేదో చెప్పలేదు. నీతో నాలుగేళ్లు ఒకే బల్ల పంచుకున్నాను, ఆ మాత్రం తెలుసు.

సారు చూడనివ్వలేదా? అలా అయితే చెప్పు. ఆయన పోయి ఆరేళ్లయింది, ఆయనకి ఇప్పుడు పోయేదేమీ లేదు. త్వరగా అచ్చు కావాలని ఆయన తొందర నాకు గుర్తుంది. ఈ వారమంతా ఆయన మీదే కోపంగా ఉంది. కోపం ఉంటే పని చేయడానికి కాస్త ఓపిక వస్తోంది కూడా.

ఇంకొకటి. ఇది ఎవరికీ చెప్పలేదు.

పన్నెండేళ్ల కిందట ఒకాయన పేపరు నా దగ్గరికి రెఫరీకి వచ్చింది, అచ్చు వేయొచ్చో లేదో నా పేరు బయటపడకుండా తేల్చమని. నీకు గుర్తుండకపోవచ్చు, ఒక సదస్సులో మన వెనక వరసలో కూర్చున్నాడు, పొడుగ్గా, గళ్ల చొక్కా. పలకతో పని లేకుండా నేరుగా అంతులేని లోహానికే లెక్క కట్టాడు. ముందుండే సంఖ్య ఒకటి కాదనీ, లోహాన్ని బట్టి మారుతుందనీ రాశాడు. నేను తిప్పి పంపాను. ఆరు నెలలకి సర్దుకుని మళ్లీ పంపాడు. మళ్లీ తిప్పి పంపాను. ఆ తర్వాత ఆయన పేరు ఎక్కడా చూడలేదు.

నా నివేదిక కాపీ బీరువాలో దొరికింది. సన్న అక్షరాలు చదవలేను కాబట్టి మీ అన్నయ్యని చదవమన్నాను. తన చదువు నీకు తెలుసుగా, ప్రెస్సులో చదివినట్టు కామాలతో సహా. "ఈ ఫలితం, కామా, సహజంగానే, కామా, పలక లెక్కలతో పొసగదు, ఫుల్‌స్టాప్. రచయిత, కామా, సహజంగానే, కామా, ఉన్న సాహిత్యాన్ని సరిగ్గా చదవలేదు, ఫుల్‌స్టాప్." అలా రెండు పేజీలూ చదివి, కాగితం మడిచి అడిగాడు.

"ఇది నువ్వే రాశావా?"

"నేనే."

"ఈ మనిషి నీకు ఏమైనా అపకారం చేశాడా?"

లేదన్నాను. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు, అవి అప్పటికే తోమి ఉన్నవి.

నేను ఆయనకి జవాబు చెప్పాల్సి ఉంటుంది. చెప్పేముందు నాకు నిజం తెలియాలి. పై అరలో పెట్టె దించు.

వదిన


ఇల్లు, మంచం మీద పరిచిన కాగితాల మధ్య
జూలై 19

వదినకు,

అట్టపెట్టె వెతకక్కర్లేదు. అది ఎక్కడుందో నాకు ఎప్పుడూ తెలుసు. బీరువా అడుగున, చలికోట్ల కింద. ఇళ్లు మారినప్పుడు రెండుసార్లూ దాన్ని లారీలో వేయనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాను.

ఇందులో పదకొండు కాగితాలు పెడుతున్నాను. మొదటి నాలుగూ నలభై పొరలవి, అచ్చయినవి. తర్వాతి ఏడూ అచ్చు కానివి. ఎనభై పొరలకి వేశాను, నూట ఇరవైకి వేశాను. ఒకే దూరంలో నిలబడి చూస్తే, పలక మందం పెరిగేకొద్దీ ఆ సంఖ్య ఒకటి నుంచి కిందికి జారింది. ఇంకా దూరం పోతే మళ్లీ మెల్లగా ఒకటి వైపు ఎక్కింది. నువ్వు చేత్తో కనుక్కున్నది సరైనదే. ఒకటి అన్నది పలకది, లోహానిది కాదు.

ఇక సారు మాట. ఆయన్ని ఏమీ అనకు వదినా. ఆయనకి తెలియదు, మనం తెలియనిచ్చిందీ లేదు.

నేను ఆ కాగితాలు తీసుకుని నీ దగ్గరికి వచ్చాను. పేపరు పంపడానికి ఇంకా నాలుగు రోజులుంది. నువ్వు క్యాంటీన్లో గోడవైపు కూర్చుని నీ థీసిస్ బొమ్మలకి నంబర్లు వేస్తున్నావు. మూడు రోజులుగా జ్వరం. నేను కాగితం నీ ముందు పెట్టి, "మందం పెంచితే జారుతోంది, ఒకసారి చూడవా" అన్నాను. నువ్వు తల ఎత్తలేదు. "కంప్యూటరు దశాంశాలు కత్తిరించడంలో వచ్చే తప్పు అయ్యుంటుందే. ఇప్పుడు ఇది ఎత్తితే ఇంకో ఆరు నెలలు. నాకు ఓపిక లేదు, వదిలెయ్" అన్నావు. కాగితం ఇంతైనా తిప్పి చూడలేదు. నేను తీసేసుకున్నాను.

ఇన్నేళ్లు చెప్పనిది నీ మీద జాలితో అని అనుకోకు, అంత మంచిదాన్ని కాను. నువ్వు వదిలెయ్ అన్నప్పుడు నాకు బాధ కలగలేదు. హాయిగా అనిపించింది. అది దశాంశాలు కత్తిరించడంలో తప్పు కాదని నాకు తెలుసు, రెండు రకాలుగా సరిచూశాను. సారు గది క్యాంటీన్‌కి పదడుగులు. వెళ్లి తలుపు కొట్టొచ్చు. కొట్టలేదు. నాకూ ఓపిక అయిపోయింది, ఎవరో ఒకరు ఆపమంటే బావుండునని ఉంది, నువ్వు ఆపమన్నావు.

పాప పుట్టిందని మానేశానని అందరూ అనుకున్నారు. నేనూ అననిచ్చాను. పాప పుట్టకముందే మానేశాను, మనసులో. నా పేరున్న కాగితంలో ఒక అబద్ధం ఉందని తెలిసి దాని మీద ఇంకో కాగితం పేర్చడం నా వల్ల కాలేదు. అబద్ధమని చెప్పడమూ కాలేదు. ఇక్కడ టేపు గుంజితే పూత ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. మధ్యలో ఏమీ లేదు. ఆ ఒక్క సుఖం కోసమే ఇక్కడున్నాను.

ఆ గళ్ల చొక్కా ఆయన సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే అప్పుడైనా నోరు విప్పేదాన్నేమో. విప్పేదాన్నని ఒట్టేసి చెప్పలేను.

నీ మరదలు


ఇల్లు, కిటికీ పక్క బల్ల
ఆగస్టు 14

పెన్సిలుకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. కన్ను నయమైంది, తెర చూడొచ్చన్నారు. కానీ నీకు చేత్తోనే రాస్తున్నాను.

నాకు గుర్తు లేదు. ఆ క్యాంటీన్ గుర్తుంది, గోడ మీద ఊడిన సున్నం గుర్తుంది, జ్వరం గుర్తుంది, ఆ బొమ్మల్లో పదిహేడో నంబరు రెండుసార్లు వేసి తిట్టుకున్నది గుర్తుంది. నువ్వు వచ్చింది గుర్తు లేదు. ఎంత వెతికినా నీ మొహం ఆ బల్లకి అవతల కనిపించడం లేదు. నువ్వు అబద్ధం చెప్పవు, కాబట్టి అది జరిగింది. నీకు ఇరవై రెండేళ్లు ఒళ్లో మోయాల్సి వచ్చింది, నాకు ఒక్క పూట కూడా గుర్తుండలేదు. ఈ మూడు వారాలూ ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను.

సారు మీద కోపం పెట్టుకున్నాను చూడు, దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు.

నీ ఏడు కాగితాల్లోని జారుడు నా చేతి లెక్కతో పోల్చి చూశాను, సరిపోయింది. మా విభాగం పెద్దాయనకి చెప్పాను. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు. "అధ్యాయంలో కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక వేస్తే పోదా? పలక లెక్కలకి పరిమితులున్నాయని. అందరూ గౌరవంగా బయటపడతాం" అన్నాడు. మంచివాడే. వచ్చే ఏడాది ఆ కుర్చీ నాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. సరేనని లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి ఆ గమనిక రాశాను కూడా. రెండు వాక్యాలు. బాగా కుదిరాయి. అంత బాగా కుదిరినందుకే చింపేశాను. ఆ రెండు వాక్యాల్లో ఎవరూ ఏమీ చేయలేదు, అంతా దానంతట అదే జరిగిపోయింది.

మర్నాడు పెద్దాయనకి చెప్పాను, గమనిక వేయనని. సవరణ రాస్తానని. పాత పేపరు వేసిన పత్రికకే, మన పేరుతోనే. నీ పట్టిక అందులో ఉండాలి. నీ పేరు ముందు ఉండాలి. ఒప్పుకుంటావా?

నిన్ను క్షమించమని అడగడానికి మాట కుదరడం లేదు. గుర్తు లేనిదానికి ఎలా అడగాలో తెలియడం లేదు. అయినా అడుగుతున్నాను.

వదిన


పూత ఫ్యాక్టరీ, పరీక్షల గది
ఆగస్టు 25

వదినకు,

ఒప్పుకుంటాను. రెండు షరతులు.

ఒకటి, నన్ను పాపం పిల్ల కింద రాయొద్దు. 'అప్పుడే కనుక్కుంది, ఎవరూ వినలేదు' అని ఎక్కడైనా వాసన వచ్చినా నా పేరు తీసేస్తాను. ఫలితం మా ఇద్దరికీ అప్పుడే తెలిసే వీలుండేది, మేం చూడలేదు అని రాయి. 'మేం' అని రాయి. పేర్లు పాత వరసలోనే ఉండనీ.

రెండోది, పత్రిక కంటే ముందు ఆ పొడుగాయన. ఆయనకి ఉత్తరం రాయకు. నువ్వు ఉత్తరాలు మరీ బాగా రాస్తావు. వెళ్లు. ఆయన ఎదురుగా నిలబడి, నేనే అని చెప్పు. తిడితే తిట్టించుకో. బస్సులో కిటికీ సీటు దొరికితే కంటికి గాలి తగలకుండా కండువా కట్టుకో.

క్షమాపణ సంగతి. నేను నీ మీద కోపంగా ఉన్నానని ఎప్పుడూ రాయలేదు. కోపం ఉందా అని అడిగితే, ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఎక్కువగా నువ్వు ఏదైనా బహుమతి తీసుకున్నావని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు. ఆ పూట కాస్త గట్టిగా టేపు గుంజేదాన్ని. అంతే. ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి అది కూడా పోతుందనుకుంటా. చూద్దాం.

పంపు నూనె మార్చారు. అయినా ఊడుతోంది. పళ్లేలు కడగడంలోనే ఉందట తప్పు, మేస్త్రీ చెప్పిందే నిజం. వెళ్లి ఒప్పుకున్నాను. వాడు రోజంతా నా వెంటే తిరిగి ఇంకోసారి చెప్పించుకున్నాడు.

నీ మరదలు


బస్ స్టాండ్ పక్క హోటల్ గది
సెప్టెంబరు 17

పెన్సిలుకి,

వెళ్లాను. ఇంటికి తిరిగి వెళ్లేలోపు రాసేయాలని ఇక్కడే కూర్చున్నాను, తర్వాతైతే దీన్ని కూడా బాగా రాస్తానేమోనని.

ఆయన ఒక నీటి సరఫరా ఆఫీసులో ఉన్నాడు, పాత కాలేజీలో అడిగితే చెప్పారు. పైపుల్లో ఒత్తిడి లెక్కలు ఆయన పని. ఏ వీధికి ఏ పంపు, ఏ అంతస్తు దాకా నీళ్లు ఎక్కుతాయి, అవి. పెద్ద హాలు, గోడకి నీలం గీతల పటం. నేను వెళ్లేసరికి ఒకావిడ ఆయన బల్ల ముందు నిలబడి నాలుగో అంతస్తుకి నీళ్లు రావడం లేదని చెప్తోంది. ఆయన పటం మీద వేలు పెట్టి ఆవిడ వీధిని వెతికాడు. జుట్టు తెల్లబడింది, కాస్త వంగాడు. అయినా పొడుగే. ఆవిడ వెళ్లేదాకా బెంచీ మీద కూర్చున్నాను. నా వంతు వచ్చింది.

"ఏ వీధండీ?" అన్నాడు.

వీధి కాదన్నాను. నా పేరు చెప్పాను. పన్నెండేళ్ల కిందట మీ పేపరు రెండుసార్లు తిప్పి పంపిన రెఫరీని నేనే, నేను రాసింది తప్పు, అది చెప్పడానికే వచ్చాను అన్నాను. బస్సులో ఐదు గంటలు కూర్చుని వాక్యాలు పేర్చుకున్నాను, నోట్లోంచి ఇంతే వచ్చింది.

ఆయన కుర్చీ చూపించాడు. "మీరేనని తెలుసు" అన్నాడు.

"ఎలా?"

"సహజంగానే అన్న మాట మీరు ప్రతి పేపర్లోనూ వాడతారు. ఆ నివేదికలో పధ్నాలుగుసార్లు ఉంది. లెక్కపెట్టాను. అప్పట్లో చాలా తీరిక ఉండేది నాకు."

పన్నెండేళ్లుగా తెలుసు పెన్సిలూ. ఎవరికీ చెప్పలేదు.

నేను నీ కాగితాలు తీశాను. పలక మందం, జారుడు, అంతా చెప్పాను. ఆయన తల ఊపుతూ విని, "అల్యూమినియానికి మీకు ఎంత వచ్చింది?" అని అడిగాడు. నేను చేత్తో తేల్చిన సంఖ్య చెప్పాను, సుమారు పాయింట్ రెండు.

"నాది దానికి సరిగ్గా రెండింతలు" అన్నాడు. "మీదే సరైనది. నా పేపర్లో ఒక తప్పు ఉంది. ఒకే వైపు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్ల మధ్యే, అంటే సగంతోనే కదండీ ఎక్స్ఛేంజ్. ఒక చోట ఆ సగాన్ని మర్చిపోయాను. ఇక్కడ ఉద్యోగంలో చేరిన రెండేళ్లకి ఒకరోజు భోజనం చేస్తూ కనుక్కున్నాను. నాలుగో పేజీ, కింది నుంచి మూడో వరస."

పోనీలెండి, అసలు ఆలోచన మీదే కదా, అదే సరైనది కదా అని ఏదో అన్నాను.

ఆయన నన్ను ఆపాడు. గొంతు పెంచలేదు. "మీరు తిప్పి పంపినందుకు నాకు కోపం లేదండీ. తిప్పి పంపాల్సిన పేపరే అది. కానీ ఆ తప్పు పెద్దది, ఈ పని తెలిసినవాళ్లెవరైనా నాలుగో పేజీ దాకా వస్తే కళ్లకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. రెండుసార్లూ. అంటే రెండుసార్లూ చదవలేదన్నమాట. నా జీవితంలో నాలుగేళ్లు అందులో ఉన్నాయి. ఎవరో ఒకరు చివరిదాకా చదివి, ఇదిగో ఇక్కడ తప్పు అని ఉంటే, నేను దిద్దుకుని అక్కడే ఉండేవాడినేమో. చదివే మనిషి లేని చోట ఎందుకని వచ్చేశాను."

"మూడో పేజీలో ఆపేశాను" అన్నాను. అది నిజం. మూడో పేజీలో ఆయన సంఖ్య మారుతుందని ప్రకటించాడు. అక్కడితో మూసేశాను.

"అలాగే అనుకున్నాను" అన్నాడు.

ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. ఆయన వాళ్ల వీధి అడిగాడు, పటం చూశాడు, రేపు మనిషిని పంపిస్తానన్నాడు. నేను కూర్చునే ఉన్నాను. వాళ్లు వెళ్లాక, మా సవరణలో మీ పేరు పెట్టొచ్చా అని అడిగాను. వద్దన్నాడు. "తప్పున్నదాని మీద పేరు పెట్టుకుని ఏం చేసుకుంటాను. నాది దిద్దిన రోజున చూద్దాం."

లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "పలక లెక్క వేసిన ఆవిడ ఇప్పుడు ఏం చేస్తున్నారు?" చెప్పాను. పూత పరీక్ష సంగతి విని మొదటిసారి కొంచెం నవ్వాడు. "ఆవిడ పట్టిక ఒక కాపీ ఉంచి వెళ్లండి. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను" అన్నాడు.

నీ పదకొండు కాగితాల నకలు, వెనక నీ చిరునామా రాసి, ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. అడగకుండా ఇచ్చాను, తప్పయితే తిట్టు.

చాలా అలసటగా ఉంది. కానీ ఇది పని చేసిన అలసట. ఇన్నాళ్లూ ఉన్నది అది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

వదిన


ఇల్లు, వంటగది బల్ల
నవంబరు 2

వదినకు,

సవరణ ముసాయిదా అందింది. రెండు చోట్ల 'సహజంగానే' కొట్టేశాను. 'మేం చూడలేదు' అన్న వాక్యాన్ని నువ్వు మూడో పేరాలోకి దించావు, నేను మొదటి పేరాలోకి ఎక్కించాను. అక్కడే ఉంచు. కుర్చీ వేరేవాళ్లకి ఇస్తున్నారని అన్నయ్య చెప్పాడు. నువ్వు రాయలేదు కాబట్టి నేనూ అడగను. వాడి గొంతులో మాత్రం బెంగ లేదు, ఆదివారం నువ్వు మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నావని వార్తల్లో చదివినట్టు చెప్పాడు.

పత్రికకి ఈ వారం పంపొద్దు. కారణం రాస్తాను.

శుక్రవారం పోస్టులో ఒక కవరు వచ్చింది. నీటి సరఫరా ఆఫీసు ముద్ర. మా నీళ్ల బిల్లు ఏమైనా తేడా వచ్చిందేమో అనుకున్నాను, మా ఊరి ఆఫీసు కాదు. విప్పితే పందొమ్మిది పేజీలు, పెన్సిలుతో, పైపుల లెక్కలకి వాడే గళ్ల కాగితం మీద. ముందు ఉత్తరం లేదు, కుశలం లేదు. "మీ ఎనిమిదో కాగితం, నూట ఇరవై పొరలు, ఆరో అంకె" అని మొదలు. అక్కడ నేను తప్పు వేశానట. నూట పద్నాలుగు ఉండాల్సిన చోట నూట నలభై ఒకటి. దాని వల్ల చివరి నాలుగు అంకెలూ కాస్త పైకి వచ్చాయట. ఎలా కనుక్కున్నాడో మూడు పేజీలు రాశాడు. తర్వాత ఆయన నాలుగో పేజీ, దిద్దినది.

నాకు ముందు ఒళ్లు మండింది. రెండు రకాలుగా సరిచూసిన పట్టిక, ఇరవై రెండేళ్లు ఒళ్లో మోసిన పట్టిక. అది నేను తప్పేసే రకం కాదు. శనివారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టాను, పాప పుట్టాక పాప కోసం కాకుండా పెట్టిన మొదటి సెలవు. ఈ బల్ల మీద కూర్చుని మొదటి నుంచీ వేశాను. చేతివేళ్లకి ఆ గుర్తులు రాయడం మర్చిపోయింది, ఒక్కో గీతకీ ఆగాల్సి వచ్చింది. మా ఆయన రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా పళ్లెం పక్కన పెట్టి వెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి తేలింది. నూట పద్నాలుగు. ఆయనదే సరైనది.

ఫలితం మారదులే, జారుడు జారుడే. చివరి అంకెలే మారతాయి. కొత్త పట్టిక ఇందులో పెట్టాను, పాతది తీసేయి. ఆయన నాలుగో పేజీ కూడా నేను వరస వరసా చూశాను. పదకొండో వరసలో ఒక గుర్తు తారుమారైంది, రాసి పంపాను. అది దిద్దాక తన పేరు మూడోదిగా వేయనిస్తాడట. సారు పేరు నాలుగోది, ఆయన ఉంటే గొడవ చేసేవారు, చేయనీ.

ఇంకొక్కటి వదినా. ఆ ఎనిమిదో కాగితంలోని అంకెల్ని నేను తప్ప ఇంకెవరూ ఎప్పుడూ ఒక్కొక్కటిగా చూడలేదు. ఆయన ఆరో అంకె దాకా వచ్చాడు. నేను కోపం తగ్గాక ఆ మూడు పేజీలూ మళ్లీ చదివాను, మళ్లీ ఒకసారి చదివాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను అని ఆయనకి రాశాను. రాస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. బాధ కాదు. చదివాడు కదా.

నీ మరదలు